చెర్రీ చెట్టూ, ఆరేళ్ళ పిల్లలూ

చిన్నపిల్లలకు అబద్ధం చెప్పడానికి పెద్దవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఒక సాకు సిద్ధంగా ఉంటుంది: వాళ్ళు చిన్నపిల్లలు కదా, అని. బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లిదండ్రులతో నాకు కొన్నేళ్ళుగా పరిచయం. లెక్కల్లో ఒక్క తప్పును కూడా సహించనివారు, అమెరికా చరిత్ర దగ్గరకు వచ్చేసరికి ఈ సాకు వెనక్కి వెళ్ళి నిలబడతారు. ఇప్పుడు అందమైన కథలు చెబుదాం, నిజాలు హైస్కూల్లో వాళ్ళే తెలుసుకుంటారు అంటారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది.

మేముండేది టెక్సస్‌లో. ఇంటిచదువు మీద ఇక్కడి ప్రభుత్వపు పట్టు చాలా తక్కువ. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం: ఈ అయిదూ నేర్పితే చాలు. చరిత్ర ఆ జాబితాలోనే లేదు. న్యూయార్కులో ఉన్న స్నేహితురాలు ఏటా ప్రణాళిక రాసిచ్చి, మూడు నెలలకోసారి నివేదిక పంపుతూ ఉంటుంది. మమ్మల్ని అడిగే నాథుడు లేడు. అందుకనేనేమో, నాకు తెలిసిన తెలుగు ఇళ్ళలో చరిత్రకు వేళ మిగలదు. లెక్కలకొక గంట, స్పెల్లింగ్ బీకి ఒక గంట, వారాంతంలో శ్లోకాలూ కూచిపూడీ. అమెరికా చరిత్ర అంటే "వాళ్ళ చరిత్ర". పిల్లలు మాత్రం పుట్టింది ఇక్కడే, రేపు ఓటు వేసేదీ ఇక్కడే.

చెప్పేవాళ్ళయినా ఎక్కడ మొదలుపెడతారు? జార్జ్ వాషింగ్టన్, చెర్రీ చెట్టు. చిన్నతనంలో తండ్రి చెట్టు మీద గొడ్డలివేటు వేసి, అడగగానే దాచకుండా ఒప్పేసుకున్నాడన్న కథ. వాషింగ్టన్ 1799లో చనిపోయాడు. మేసన్ వీమ్స్ అనే పుస్తకాల వ్యాపారి ఆయన జీవితచరిత్ర రాసి అమ్ముకున్నాడు. ఈ చెట్టు కథ ఆ పుస్తకపు 1806 ముద్రణలో మొదటిసారి కనబడుతుంది. అంతకుముందు ఎక్కడా దాని ఆధారం లేదు. సత్యం పలకమని పిల్లలకు చెప్పడానికి ఒక కల్పనను నిజమని నమ్మించడంలోని వింత, ఇన్నాళ్ళూ ఇందరు ఉపాధ్యాయులకు ఎలా కనబడలేదో నాకు అర్థం కాదు.

ఆ కథకు బదులు నేను ఓనా జడ్జ్ కథ చెప్పాను. ఓనా వాషింగ్టన్ దంపతుల ఇంట్లో బానిస. ఆయన అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆ కుటుంబంతో ఫిలడెల్ఫియాలో ఉండేది. పొరుగు రాష్ట్రం నుంచి తెచ్చిన బానిసలు ఆరునెలలకు మించి అక్కడ ఉంటే స్వేచ్ఛ కోరవచ్చునని పెన్సిల్వేనియా చట్టం. అందుకని గడువు ముగియకుండా వాళ్ళను రాష్ట్రం దాటించి, మళ్ళీ వెనక్కి తెచ్చేవారు. 1796 మే నెలలో, ఇంటివాళ్ళు భోజనానికి కూర్చున్న వేళ, ఓనా బయటకు నడిచి వెళ్ళిపోయింది. ఓడ ఎక్కి న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. అధ్యక్షుడంతటివాడు మనుషులను పంపినా పట్టుబడలేదు. 1848లో చనిపోయేదాకా పేదరికంలో, కాని తన ఇష్టప్రకారం, బతికింది.

ఇది ఆరేళ్ళవాడు భరించలేని కథా? మావాడికి కలిగిన మొదటి సందేహం, దారిలో ఆవిడకు అన్నం ఎవరు పెట్టారు అని. తొమ్మిదేళ్ళ వాడి అక్క మాత్రం సూటిగా అడిగింది: "అయితే వాషింగ్టన్ మంచివాడా, చెడ్డవాడా?"

ఇక్కడే మనవాళ్ళకు ఒక సౌకర్యం ఉందని నా నమ్మకం. మన పిల్లలు భారతం విని పెరుగుతారు. ధర్మరాజు తమ్ముళ్ళనూ, తననూ, చివరకు ద్రౌపదినీ జూదంలో ఒడ్డాడని అయిదేళ్ళ పిల్లలకు కూడా చెబుతాం. ద్రోణుడితో ఆయన ఆడిన అర్ధసత్యాన్నీ దాచం. అయినా ఆయన ధర్మరాజే, పిల్లలకు అందులో చిక్కేమీ కనబడదు. సభలో ద్రౌపది వేసిన ప్రశ్నకు భీష్ముడంతటివాడు నీళ్ళు నమిలాడని కూడా వాళ్ళకు తెలుసు. ఇన్ని తెలిసిన పిల్లలు వాషింగ్టన్ సైన్యాన్ని నడిపి గెలిచాడనీ, రెండు దఫాల తర్వాత పదవి వదిలి ఇంటికి వెళ్ళాడనీ, అదే మనిషి ఓనాను వెంటాడించాడనీ కలిపి వినలేరా? మా అమ్మాయికి నేను చెప్పిన సమాధానం కూడా ధర్మరాజే. అది కాసేపు ఆలోచించి, "ధర్మరాజు తరవాత బాధపడ్డాడు కదా, ఈయన పడ్డాడా?" అంది. తను చనిపోయాక, భార్య కూడా పోయాక, తన సొంత బానిసలను విడిచిపెట్టమని ఆయన వీలునామా రాశాడనీ, ఓనా మాత్రం భార్య మొదటి భర్త కుటుంబపు ఆస్తి కింద లెక్క కనుక ఆ వీలునామా ఆమెకు వర్తించలేదనీ చెప్పాను. పెద్దవాళ్ళ పుస్తకాలు సైతం దాటవేసే మెలిక అది. తొమ్మిదేళ్ళ పిల్ల అడిగితేనే నేనూ దానిదాకా వెళ్ళాను.

అన్నీ చెప్పాలని నేననడం లేదు. కొరడా దెబ్బల వర్ణనలూ, చెట్లకు ఉరివేసిన మనుషుల ఫొటోలూ ఆరేళ్ళ కళ్ళకు అక్కరలేదు. వివరం తగ్గించడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. "బానిసలు" అనవలసిన చోట "పనివాళ్ళు" అని రాసిన పిల్లల పుస్తకం ఒకటి మా ఇంటికి వచ్చింది. దాన్ని వెనక్కి పంపాను. అలాగే ఈ దేశపు కథంతా నేరాల చిట్టా అన్నట్టు చెప్పే వరస కూడా నాకు రుచించదు. ప్రేమించడానికి ఏమీ మిగల్చని చరిత్రను పిల్లలు రెండో వారానికే వదిలేస్తారు.

సంవత్సరాలు మాత్రం పిల్లలకు నిజంగానే కష్టం. 1620 అన్నా 1920 అన్నా వాళ్ళకు ఒకటే. అందుకని గోడ పొడవునా ఒక తాడు కట్టాం. ఏడాదికి ఒక సెంటీమీటరు. కొలంబస్ దిగిన 1492 నుంచి ఇప్పటిదాకా అయిదు మీటర్ల పైచిలుకు వచ్చింది. వాళ్ళ నానమ్మకు ఎనభై ఏళ్ళు కనుక ఎనభై సెంటీమీటర్ల పుల్ల ఒకటి విరిచి దానికి "నానమ్మ" అని పేరు పెట్టారు. స్వాతంత్ర్య ప్రకటన జరిగిన 1776 మూడు నానమ్మల దూరం. అంతే! వర్జీనియా తీరానికి మొదటి ఆఫ్రికన్లను తెచ్చిన 1619 దగ్గర ఒక ముడి, బానిసత్వం చట్టరీత్యా రద్దయిన 1865 దగ్గర ఇంకొకటి. వాటి మధ్య 246 సెంటీమీటర్లు. 1865 నుంచి ఇవాళ్టి దాకా ఉన్న తాడు అంతకంటే పొట్టి. ఈ సంగతి నేను చెప్పలేదు. మావాడు పుల్ల పెట్టి కొలిచి, తాడు తప్పుగా కట్టామని నాతో వాదించాడు.

రూబీ బ్రిడ్జెస్ 1960లో న్యూ ఆర్లీన్స్‌లో తెల్లపిల్లల బడికి మార్షళ్ళ కాపలాతో నడిచి వెళ్ళింది. అప్పుడామెకు ఆరేళ్ళు. మిగతా పిల్లల తల్లిదండ్రులు వాళ్ళను మాన్పించేస్తే, ఏడాదంతా ఒకే టీచరు, ఒకే పిల్ల, ఒక గది. ఆ ఏడు నానమ్మ ఫోర్తు ఫారం చదువుతోంది. ఈ కథకు మాత్రం మావాడు తనకు తాను ఒక ముగింపు కట్టుకున్నాడు: ఒక టీచరు, ఒక పిల్ల అంటే అది ఇంటిచదువే కదా, బాగానే ఉంటుంది కదా, అని. ఇష్టంతో ఇంట్లో కూర్చోవడానికీ, ఎవరూ పక్కన కూర్చోకపోవడానికీ తేడా చెప్పడానికి ఒక పూట పట్టింది.

ఇంతకీ "వాళ్ళ చరిత్ర" అన్న మాట. పిల్లలే దాన్ని ఇంకో రకంగా అడుగుతారు: అప్పుడు మనం ఎక్కడున్నాం? కొలంబస్ దారి తప్పి ఇక్కడివాళ్ళకు మన పేరు పెట్టాడంటే ఫక్కున నవ్వారు కాని, అది సమాధానం కాదు. సమాధానం 1923లో ఉంది. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోరితే, నువ్వు తెల్లవాడివి కావు కనుక కుదరదని ఆ ఏడాది సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టనులో దిగిందీ ఆ ఏడాదే. ఆయన బృందం కనిపెట్టిన డి.ఇ.సి. మాత్రను, బోదకాలు రాకుండా, మన ఊళ్ళలో ఇంటింటికీ వచ్చి మింగించారు. నానమ్మ కూడా మింగింది. ఫోనులో ఆ సంగతి విన్నాక పిల్లలకు సుబ్బారావుగారు చుట్టమైపోయారు. భారతీయులు పౌరసత్వం కోరవచ్చునని చట్టం వచ్చింది 1946లో. 1948లో చనిపోయేనాటికి కూడా ఆయన ఈ దేశానికి పరాయివాడే.

కనుక తాడు మీద 1923 దగ్గర రెండు ముడులు పడవలసి వచ్చింది. రెండూ ఒకే రంగు దారంతో వెయ్యాలా, వేరువేరు రంగులా అన్నది అక్కా తమ్ముడూ ఇంకా తేల్చుకోలేదు.