లెక్కకు రాని మగశిశువులు

ఓట్ల లెక్కలు ఈసారికి పక్కన పెడుతున్నాను. ఏ లెక్కలోకీ రాని మరణాల గురించి రాయవలసి ఉంది.

కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లాసియా వంశపారంపర్య వ్యాధి. ప్రాణాధారమైన కార్టిసాల్‌ను అడ్రినల్ గ్రంథులు తగినంత తయారుచేయలేవు. తీవ్రరూపంలో ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టిరాన్ కూడా కొరవడుతుంది. ఆడశిశువులో జననాంగాల మార్పు చాలావరకు పుట్టినప్పుడే వైద్యులను హెచ్చరిస్తుంది. మగశిశువు ఆరోగ్యంగానే కనిపిస్తాడు, తల్లితో ఇంటికి వెళతాడు. రెండో మూడో వారంలో వాంతులు మొదలవుతాయి, పాలు తాగడు, నీరసించిపోతాడు. చనిపోతే విరేచనాలనో, ఇన్ఫెక్షన్ అనో రాసేస్తారు. కారణమే తప్పుగా నమోదైన మరణం ఏ శాసనసభలో ప్రశ్న అవుతుంది?

ఐసీఎంఆర్ ఐదు నగరాల్లో లక్షకు పైగా నవజాత శిశువులను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించింది. ప్రతి 5,762 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంది. చెన్నైలో 2,036 మందికి ఒకరు. ఆ చెన్నై మా రెడ్డియార్‌పాళయానికి బస్సులో కొద్ది గంటల దూరమే. ‘అరుదైన’ అన్న విశేషణం ఎవరికి సౌకర్యమో ఆలోచించాలి.

బతికిన బిడ్డను బతికించుకోవడం తల్లిదండ్రులకు జీవితకాలపు ఉద్యోగం. మా పక్క వీధిలో ఒక ఇంట్లో రోజుకు మూడుసార్లు అలారం మోగుతుంది, హైడ్రోకార్టిసోన్ మోతాదు కోసం. జ్వరం వస్తే మోతాదు రెట్టింపో మూడింతలో చేయాలి. వాంతులైతే ఆలస్యం లేకుండా ఇంజెక్షన్. యానాంలోని అమ్మమ్మగారింటికి బయలుదేరితే ఆ తండ్రి జేబులో తమిళం, తెలుగు, ఇంగ్లీషుల్లో రాసిన చీటీ ఉంటుంది. దారిలో ఏ ఆస్పత్రిలో ఏ డ్యూటీ డాక్టరు ఎదురవుతాడో తెలియదు కదా. ఇంత చేసినా బంధువుల నోట ఆ తల్లి వంశానికే నింద. లోపభూయిష్టమైన జన్యువు ఇద్దరి నుంచీ వస్తేనే ఈ వ్యాధి. మేనరికాలు ఆ అవకాశాన్ని పెంచుతాయి. మేనరికం కుదిర్చినవారే కోడలిని నిందించడం మన సమాజపు ప్రత్యేకత.

ఫ్లూడ్రోకార్టిసోన్‌ను 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితాలో చేర్చారు. మంచిదే. కానీ మందు రోగం తెలిసినవాడికే. తెలియాలంటే మడమ నుంచి నాలుగు రక్తపు చుక్కలు చాలు. కేరళ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆ పరీక్ష ఉంది. 2013లో కేంద్రం ఆరంభించిన బాలల ఆరోగ్య కార్యక్రమంలోని 30 సమస్యల్లో మాత్రం ఈ వ్యాధికి చోటు దక్కలేదు.

పుదుచ్చేరిలో దాదాపు ప్రసవాలన్నీ ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. ప్రజలెన్నుకున్న సభ్యులు 30 మందే. బడ్జెట్ సమావేశాల్లో వారిలో ఒక్కరైనా లేచి అడగవచ్చు: గత ఏడాది మన ప్రసూతి వార్డుల్లో పుట్టిన శిశువుల్లో ఎందరికి ఈ పరీక్ష జరిగింది, యానాంలో ఎందరికి?