అమ్మ సంతలో అమ్మిన కందులే మనం కర్రీ పాయింట్‌లో కొంటున్నాం

డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంక్ కోచింగులంటూ విశాఖపట్నంలో రూములు తీసుకుని ఉంటున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నా. హాస్టల్ సీటు ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు (హాస్టల్ సాంబారు గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం). రూముల్లో ఉన్నవాళ్ళు చదవండి, కాదనిపిస్తే కింద తిట్టండి.

డబ్బుల్లేక సరిగ్గా తినట్లేదని మనం అనుకుంటున్నాం. నేనేమంటానంటే, ఉన్న డబ్బునే రెండు చోట్ల పోగొట్టుకుంటున్నాం. పాడేరు, చింతపల్లి, హుకుంపేట వైపు మన ఇళ్ళల్లో చోళ్ళు, కందులు, రాజ్మా, చింతపండు, పసుపు ఉంటాయి. అమ్మావాళ్ళు అవి సంతకి మోసుకెళ్ళి షావుకారు చెప్పిన రేటుకి ఇచ్చేసి వస్తారు. ఎందుకూ, మనకి నెల డబ్బులు పంపాలి కాబట్టి. ఆ డబ్బు ఫోన్‌పేలో మనకొస్తుంది. మనం పోయి ముప్పై రూపాయలకి ఒక కవర్లో నీళ్ళ పప్పు తెచ్చుకుంటాం. అమ్మేటప్పుడు తక్కువకి, కొనేటప్పుడు ఎక్కువకి. మధ్యలో ఎవరు బాగుపడ్డారో మీకే తెలుసు.

మా వీధి లెక్క చెప్తా. అన్నం రూములోనే వండుకుని, రెండు పూటలా ఒక్కో కర్రీ కొంటే రోజుకి 60. నెలకి 1800. పొద్దున్న టిఫిన్ 40 వేసుకుంటే ఇంకో 1200. మనిషికి మూడు వేలు, ఇంకా బియ్యం, గ్యాస్ కలపలేదు. అదే నలుగురు కలిసి పావుకిలో కందిపప్పు, రెండు కట్టలు తోటకూర, ఉల్లిపాయ, మిరపకాయలు, నూనె, అన్నీ కొనుక్కున్నా 85 రూపాయల్లో రెండు పూటలా గడుస్తుంది. మనిషికి 21, 22 పడుతుంది. కందులూ చింతపండూ ఇంటి నుంచే వస్తే ఇంకా తక్కువ. పాడేరు బస్సు రోజూ వస్తూనే ఉంది కదా. పండగకి వెళ్ళి వచ్చేటప్పుడు బ్యాగులో బట్టలు తగ్గించి ఒక మూట పెట్టుకోండి.

అన్నిటికంటే నాకు కోపం వచ్చేది పొద్దున్న తిండి దగ్గర. సగం మంది టీ, బన్నుతో సరిపెడుతున్నారు. పదకొండయ్యేసరికి క్లాసులో కళ్ళు తిరుగుతాయి. మనకి అంబలి ఉంది కదా! రాత్రి పడుకునే ముందు నాలుగు గుప్పెళ్ళ చోడిపిండి నీళ్ళలో కలిపి మూత పెట్టండి. పొద్దున్నకి కొంచెం పులుస్తుంది. మరిగే నీళ్ళలో పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ పది, పదిహేను నిమిషాలు ఉడికించి, ఉప్పేసి దించండి. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. నలుగురికీ సరిపోతుంది. వంద గ్రాముల చోళ్ళలో కాల్షియం 340 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది. తెల్ల బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు.

అయినా మనవాళ్ళు క్లాస్‌మేట్స్ వస్తే అంబలి గ్లాసు దాచేస్తారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది. టౌన్లో అదే పిండిని రాగి మాల్ట్ అని గ్లాసుల్లో పోసి అమ్ముతున్నారు. వాళ్ళకి అది ఆరోగ్యం, మనకి నామోషీనా?

రాజ్మా గురించి ఒక జాగ్రత్త. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో బాగా మెత్తగా ఉడకనివ్వాలి. సరిగ్గా ఉడకని గింజ తింటే వాంతులు, కడుపునొప్పి ఖాయం. చిన్న ప్రెషర్ కుక్కర్ ఉంటే బాధ లేదు. ఉలవలు కూడా అంతే, నానబెట్టి ఉడికించండి. ఆ నీళ్ళతో చింతపండు వేసి చారు, గింజలు తాళింపు వేస్తే గుగ్గిళ్ళు. ఒక్క గ్యాస్ ఖర్చుకి రెండు వంటలు. చెల్లెళ్ళకి ఇంకో మాట, ఆకుకూరలో చింతపండో నిమ్మకాయో పడనివ్వండి, తిన్న వెంటనే టీ తాగకండి. టీ తాగితే ఆకుకూరలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. రక్తం తక్కువుందని మాత్రలు మింగుతున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు.

ఇక ఎండు నెత్తళ్ళు. గుప్పెడు వేస్తే వంకాయ కూర రుచే మారిపోతుంది, ఖర్చు చాలా తక్కువ. కానీ రూము ఓనర్లు! మేము ముందున్న చోట వాసనొస్తోందని మూడో నెలలోనే ఖాళీ చేయమన్నారు. అడ్వాన్స్‌లో కోత కూడా పెట్టారు. అందుకే చెప్తున్నా, అద్దె మాట్లాడేటప్పుడే వంట సంగతి తేల్చుకోండి. ఏం తింటామో దాచి లోపలికి వెళ్ళకండి, తర్వాత దొంగల్లా వండుకోవాల్సి వస్తుంది. గ్యాస్ కనెక్షన్‌కి అడ్రస్ ప్రూఫ్ లేదని ఆగిపోకండి, అయిదు కిలోల ఛోటు సిలిండర్ ఒక ఐడీ కార్డు చూపిస్తే ఇస్తారు.

టైం లేదంటారు. నలుగురున్న రూములో ఒక్కొక్కరికి వారానికి రెండు రోజులు కూడా వంతు రాదు. ఫోన్ చూసే టైములో పప్పు ఉడుకుతుంది. తమ్ముళ్ళూ, మీకు ఇంకో మాట కూడా. చెల్లి వేరే రూములో ఉంటే సాయంత్రం క్యారేజీ పట్టుకుని అక్కడికి తయారవుతున్నారు కొందరు. తనకీ అదే పరీక్ష ఉంది. కొండ మీద కట్టెలు కొట్టి, పశువులు కాసి పెరిగినవాళ్ళకి పప్పు వండటం రాదంటే నేను నమ్మను.

షావుకారు రేటు విషయం మనం ఒక్కరోజులో మార్చలేం. కానీ ఇంట్లో చెప్పొచ్చు: "అమ్మా, అయిదు కిలోల కందులు అమ్మకుండా ఉంచు, ఆ మేరకు డబ్బులు తగ్గించి పంపు" అని. నేను ఈసారి అలాగే చెప్పా. అమ్మ నవ్వింది, నాన్న మాత్రం వెంటనే సరే అన్నాడు.

ఉట్నూరు వైపు మన గోండు తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే, జొన్న గట్క రైస్ కుక్కర్‌లో వస్తుందో లేదో, నీళ్ళు ఎంత పోయాలో కింద రాయండి. మా దగ్గర కిలో జొన్న రవ్వ ఉంది.