వెనక ఇరుసులో దాగిన అంకె

స్పోర్ట్స్ కారు కొనబోయేవారు ముందు అడిగేది హార్స్ పవర్ ఎంతని. ఆ తర్వాత, సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగాన్ని ఎన్ని సెకన్లలో అందుకుంటుందని. మొహమాటం లేనివారైతే మైలేజీ సంగతి కూడా అడుగుతారు. ఈ మూడు జవాబులనూ ఎంతో కొంత శాసించే నాలుగో అంకె ఒకటుంది. దాన్ని అడిగేవారు అరుదు. కారు వెనక చక్రాల మధ్య, నూనె మరకలతో కనిపించే ఇనుప గుండులో అది దాగి ఉంటుంది. పేరు రియర్ యాక్సిల్ రేషియో. చూడ్డానికి 3.31, 3.55, 3.73 లాంటి పొడి అంకె. కానీ రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో ఆ కారు హుషారుగా ఉరుకుతుందా, బద్ధకంగా కదులుతుందా అన్నది చాలావరకు తేల్చేది అదే.

విషయం చిన్నదే. ఇంజిన్ తిప్పే బలం గేర్‌బాక్సు గుండా పొడవాటి షాఫ్టుకు, అక్కడి నుంచి వెనక ఇరుసుకు చేరుతుంది. షాఫ్టు చివర పీనియన్ అనే చిన్న పళ్ల చక్రం ఉంటుంది. అది క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. పీనియన్‌కు 11 పళ్లు, క్రౌన్ వీల్‌కు 41 పళ్లు ఉంటే, 41ని 11తో భాగించగా వచ్చే 3.73 ఆ కారు యాక్సిల్ నిష్పత్తి. అంటే షాఫ్టు 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. వేగం అన్ని రెట్లు తగ్గుతుంది, తిప్పే బలం దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది. లెక్క నిండుగా నాలుగో మూడో కాకుండా ఇలా దశాంశాల్లో ఉండటానికీ కారణముంది. ఒకే పన్ను ప్రతిసారీ అదే పన్నును తాకకుండా, అన్నీ అన్నింటితో కలుస్తూ సమానంగా అరగాలని ఇంజినీర్లు పళ్ల సంఖ్యలను అలా ఎంచుకుంటారు.

గేర్‌బాక్సులో ఐదో ఆరో గేర్లుంటాయి. అవసరాన్ని బట్టి డ్రైవర్ మార్చుకుంటాడు. వెనక ఇరుసు నిష్పత్తిని మార్చే మీట ఏదీ కారులో ఉండదు. ఫ్యాక్టరీలో బిగించిన అంకె మొదటి గేరు నుంచి ఆఖరి గేరు దాకా అన్నింటినీ గుణిస్తూనే ఉంటుంది. బుల్లెట్ మోటార్‌సైకిల్ నడిపేవారికి ఈ బేరం కొత్త కాదు. ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను పెంచితే హైవే మీద ఇంజిన్ నిమ్మళిస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది. కారులోనూ జరిగేది అదే. అంకె పెద్దదైతే లాగుడు ఎక్కువ, ఇంజిన్ తిరుగుడూ ఎక్కువ. చిన్నదైతే రెండూ తక్కువ.

ఈ బేరం ఎంత లోతైనదో చూడటానికి అమెరికా రోడ్ల మీది ఫోర్డ్ మస్టాంగ్ జీటీ మంచి ఉదాహరణ. 2011 మోడల్‌లో ఐదు లీటర్ల వీ8 ఇంజిన్, 412 హార్స్ పవర్, ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు ఉండేవి. మాన్యువల్ కారుకు మామూలుగా వచ్చే యాక్సిల్ 3.31. అదనంగా డబ్బు కడితే 3.55 లేదా 3.73 తీసుకోవచ్చు. ఇంజిన్ అదే, గేర్‌బాక్సు అదే. మారేది వెనక ఉన్న పళ్ల చక్రాల జత మాత్రమే. అయినా వాటిని పక్కపక్కన నిలబెట్టి లెక్క వేస్తే రెండు వేర్వేరు స్వభావాల కార్లు కనిపిస్తాయి.

మొదట నగరం ట్రాఫిక్ సంగతి. ఈ గేర్‌బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 3.66. దాన్ని 3.31తో గుణిస్తే 12.1, 3.73తో గుణిస్తే 13.65. అంటే పెద్ద అంకె ఉన్న కారులో చక్రాలకు చేరే బలం దాదాపు 13 శాతం ఎక్కువ. 18 అంగుళాల చక్రానికి 235/50 టైరు వేసుకుని, ఇంజిన్ నిమిషానికి 700 చుట్ల చొప్పున నెమ్మదిగా తిరుగుతుంటే, 3.31 కారు క్లచ్ పూర్తిగా వదిలినా గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో ముందుకు జరుగుతుంది. 3.73 కారు వేగం 6.7 కిలోమీటర్లే. తేడా మనిషి నడకలో పావు వంతు కూడా లేదు. కానీ బంపర్‌కు బంపర్ తగిలేలా సాగే సాయంత్రం ట్రాఫిక్‌లో క్లచ్ మీద ఎడమ కాలు ఎన్నిసార్లు పడాలో తేల్చేది ఆ తేడాయే. క్లచ్ ప్లేటు ఎంతకాలం మన్నుతుందన్నదీ కొంతవరకు దాని మీదే ఆధారపడుతుంది.

ఇక హైవే. ఆరో గేరు నిష్పత్తి 0.65. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో 3.31 కారు ఇంజిన్ నిమిషానికి సుమారు 1,650 చుట్లు తిరుగుతుంది. 3.73 అయితే 1,860 దాకా తిరుగుతుంది. వంద కిలోమీటర్ల ప్రయాణం ముగిసేసరికి రెండో ఇంజిన్ పన్నెండు వేల చుట్లకు పైగా అదనంగా తిరిగి ఉంటుంది. అలాగని పెట్రోలు కూడా 13 శాతం ఎక్కువ తాగదు. గాలిని చీల్చుకుపోవడానికి, టైర్లను దొర్లించడానికి అవసరమైన పని రెండు కార్లకూ సమానమే. పెరిగేది ఇంజిన్ లోపలి రాపిడి. దానికి తోడు, థ్రాటిల్ సగం మూసుకుని ఉండగా గాలిని పీల్చుకోవడానికి ఇంజిన్ పడే శ్రమ ఒకటి. మొత్తం మీద నష్టం కొద్దిపాటిదే. కాకపోతే అది ప్రతి కిలోమీటరుకూ ఉంటుంది, కారు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ఇంజిన్ హోరు సంగతి సరేసరి.

మరి ఆ నష్టానికి ప్రతిఫలమేమిటి? ముందు వెళ్తున్న లారీని దాటాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. ఈ వీ8 ఇంజిన్ అత్యధిక టార్క్ ఇచ్చేది 4,250 చుట్ల దగ్గర. వంద వేగంలో ఆరో గేరులో నిద్రమత్తుగా తిరిగే ఇంజిన్ దానికి చాలా కిందుంటుంది. నాలుగో గేరుకు దిగితే 3.31 కారులో 3,350 చుట్ల దగ్గర, 3.73 కారులో 3,775 దగ్గర మేలుకుంటుంది. రెండోది తన బలమైన చోటికి త్వరగా చేరుతుంది. చాలాసార్లు గేరు మార్చకుండానే, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త నొక్కితే పని జరిగిపోతుంది. ‘ఈ కారు చెప్పినట్టు వింటుంది’ అని డ్రైవర్లు మురిసిపోయేది ఈ గుణాన్ని చూసే.

అంకె పెద్దదైతే కారు వేగంగా వెళుతుందన్న నమ్మకం పుట్టేది ఇక్కడే. ఆ నమ్మకం సగమే నిజం. పళ్ల చక్రాలు శక్తిని పుట్టించవు. 412 హార్స్ పవర్ ఏ యాక్సిల్‌తోనైనా 412 హార్స్ పవరే. ఇంజిన్ శక్తి నెల జీతమనుకుంటే, యాక్సిల్ దాన్ని ఏ వారంలో ఎంత ఖర్చు పెట్టాలో నిర్ణయించే ఇంటి లెక్క. మొదటి వారంలో ధారాళంగా ఖర్చు చేస్తే ఆఖరి వారంలో చేయి బిగించక తప్పదు.

ఈ మాట అంకెల్లోనూ తేలుతుంది. ఈ ఇంజిన్ గరిష్ఠంగా 7,000 చుట్ల దాకా తిరుగుతుంది. రెండో గేరులో అక్కడి దాకా లాగితే 3.31 కారు 113 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. 3.73 కారు వందకు కాస్త పైన ఆగిపోతుంది. అదీ చాలక కొందరు యజమానులు బయట దొరికే 4.10 యాక్సిల్ వేయిస్తారు. అప్పుడు రెండో గేరు 92 కిలోమీటర్ల దగ్గరే ముగుస్తుంది. అమెరికాలో కార్లను పోల్చే కొలమానం గంటకు 60 మైళ్లు, అంటే దాదాపు 97 కిలోమీటర్లు. దాన్ని అందుకోవడానికి 4.10 కారు మరోసారి గేరు మార్చాలి. గేరు మారే ఆ క్షణంలో చక్రాలకు ఇంజిన్ బలం అందదు. మొదట సంపాదించిన ఆధిక్యంలో కొంత అక్కడే కరిగిపోతుంది. వానలో తడిసిన రోడ్డు మీదైతే మొదటి గేరులోని అదనపు బలం కారును ముందుకు తోయడానికి బదులు టైర్లను ఉన్నచోటే తిప్పుతుంది.

అయితే ఫ్యాక్టరీ ఎంచుకునే అంకె ఎప్పుడూ డ్రైవర్‌ను దృష్టిలో పెట్టుకునే ఉంటుందనుకుంటే పొరపాటు. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా ప్రభుత్వం 1974లో గంటకు 55 మైళ్ల వేగ పరిమితి విధించింది. 1975లో మైలేజీ చట్టం చేసింది. తయారీదారులు అమ్మే కార్ల సగటు మైలేజీ నిర్ణీత స్థాయికి తగ్గకూడదన్న నిబంధన 1978 మోడళ్ల నుంచి అమల్లోకి వచ్చింది. మైలేజీ పెంచడానికి ఉన్న చవకైన మార్గాల్లో వెనక ఇరుసు అంకెను తగ్గించడం ఒకటి. 1987 నుంచి 1993 దాకా వచ్చిన ఐదు లీటర్ల మస్టాంగ్ మాన్యువల్ కార్లకు మామూలుగా ఇచ్చిన యాక్సిల్ 2.73. ఇంజిన్‌లో దమ్మున్నా కారు మొదటి అడుగులో మందకొడిగా కదిలేది. 3.55 లేదా 3.73 చక్రాల జత కొని వేయించుకోవడం ఆ కార్ల యజమానులు ముందుగా చేయించే మార్పుల్లో ఒకటైంది. ప్రభుత్వ పరీక్షలో నెగ్గడానికి పెట్టిన అంకెను జనం సొంత ఖర్చుతో సరిదిద్దుకున్నారు.

అదే 2.73 రెండు దశాబ్దాల తర్వాత మరో వేషంలో తిరిగొచ్చింది. 2011 మస్టాంగ్ వీ6 కారు 305 హార్స్ పవర్‌తో పాటు హైవే మీద గ్యాలన్‌కు 31 మైళ్లు, అంటే లీటరుకు 13 కిలోమీటర్లకు పైగా ఇస్తుందని ఫోర్డ్ ఘనంగా చాటుకుంది. ఆ మైలేజీ వెనక ఉన్నది 2.73 యాక్సిలే. ఈసారి గేర్లు ఆరు ఉండటంతో మొదటి గేరులో లోటు కొంత పూడింది. గేర్‌బాక్సులో మెట్లు పెరిగేకొద్దీ యాక్సిల్ మీద భారం తగ్గుతుంది. కింది గేర్లు లాగుడు చూసుకుంటే, పై గేర్లు మైలేజీ చూసుకుంటాయి. 8 గేర్లు, 10 గేర్ల ఆటోమేటిక్‌లు వచ్చాక ఈ రాజీ ఇంకా సులువైంది.

కొన్నాక అంకె మార్చుకోవచ్చు కదా అంటే, మార్చుకోవచ్చు. కానీ అది స్ప్రాకెట్ మార్చినంత తేలిక కాదు. పీనియన్, క్రౌన్ వీల్ పళ్ల మధ్య సందు అంగుళంలో కొన్ని వేల వంతుల్లో ఉంటుంది. దాన్ని సన్నటి రేకులతో సరిచేయాలి. చేయి తిరగని మెకానిక్ చేతిలో పడితే కారు కదిలినంతసేపూ వెనక నుంచి కూత వినిపిస్తుంది, పళ్లు త్వరగా అరుగుతాయి. గేర్‌బాక్సు చివర నుంచి వేగాన్ని కొలిచే కార్లలో స్పీడోమీటరు కూడా తప్పు చూపిస్తుంది. దాన్నీ సరిచేయించాలి. టైరు సైజు మార్చినా ఇదే తంతు. పెద్ద టైరు వేస్తే యాక్సిల్ అంకె తగ్గించినట్టే. అందం కోసం ఎత్తైన టైర్లు వేయించి, కారు లాగడం లేదని ఇంజిన్‌ను తిట్టుకునేవారు ఈ లెక్క మరిచిపోతారు.

భారతీయ కొనుగోలుదారుకు ఆ ఎంపిక కూడా దక్కలేదు. 2016లో మన మార్కెట్లోకి వచ్చిన మస్టాంగ్ ఒకే ఇంజిన్, ఒకే ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో వచ్చింది. సుమారు 65 లక్షల రూపాయలు పెట్టి కొన్నవారు రంగు ఎంచుకోగలిగారు తప్ప యాక్సిల్ నిష్పత్తిని కాదు. స్పీడ్‌బ్రేకర్లు, సిగ్నళ్ల మధ్య తిరగాల్సిన కారుకు, ఎక్స్‌ప్రెస్‌వే మీద పరుగెత్తాల్సిన కారుకు ఒకే అంకె సరిపోదు. అలాంటప్పుడు ఆ నిర్ణయం ఎవరి రోడ్లను చూసి జరిగిందన్నది న్యాయమైన ప్రశ్నే.

ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఈ గొడవ తీరిపోతుందని కొందరనుకున్నారు. సున్నా వేగం నుంచే మోటారు పూర్తి బలం ఇస్తుంది కాబట్టి గేర్లతో పని లేదన్నారు. 2008లో టెస్లా తెచ్చిన తొలి స్పోర్ట్స్ కారు రోడ్‌స్టర్ కథ వేరేలా నడిచింది. దానికోసం తయారుచేయించిన రెండు గేర్ల పెట్టె మోటారు బలానికి తట్టుకోలేకపోయింది. మొదటి కార్లను రెండో గేరులోనే బిగించి ఇచ్చారు. అవి 60 మైళ్ల వేగానికి 5.7 సెకన్లు తీసుకున్నాయి. తర్వాత ఒకే గేరున్న కొత్త పెట్టె, మరింత కరెంటు అందించే ఎలక్ట్రానిక్స్ అమర్చాక ఆ సమయం 3.9 సెకన్లకు దిగింది. 2019లో పోర్షే కంపెనీ టైకాన్ ఎలక్ట్రిక్ కారు వెనక ఇరుసుకు మళ్లీ రెండు గేర్లు పెట్టింది. ఒకటి దూకడానికి, మరొకటి హైవే మీద సాఫీగా సాగడానికి. ఇంధనం మారినా బేరం మారలేదు.

అందుకే స్పోర్ట్స్ కారు షోరూమ్‌లోకి అడుగుపెట్టేవారు హార్స్ పవర్‌తో పాటు ఈ అంకెనూ అడగడం మంచిది. అడిగే ముందు తమ వారంలో ఎన్ని గంటలు ట్రాఫిక్‌లో, ఎన్ని గంటలు హైవే మీద గడుస్తాయో నిజాయితీగా లెక్కేసుకోవాలి. ఏడాదికోసారి వెళ్లే ఖాళీ రోడ్డును తలుచుకుని అంకె ఎంచుకుంటే, మిగతా 364 రోజులూ ఎడమ కాలో పెట్రోలు బిల్లో ఆ మూల్యం చెల్లిస్తూనే ఉంటుంది.