కావలివాడు తప్పు చేసినచో తలుపు తెరచి పెట్టవలెనా?

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు కుటుంబములలో వ్యాపారము చేయువారు పెక్కుమంది. పూర్వము చిట్టా ఆవర్జాలతో జరిగిన పని నేడు కంప్యూటరుతో జరుగుచున్నది. సిప్‌కాట్ ఫ్యాక్టరీల ఆర్డర్లు, గులాబీల ఎగుమతి పత్రములు, మామిడి గుజ్జు బిల్లులు అన్నియు ఈమెయిలు దారినే వచ్చి పోవుచున్నవి. ఆ దారికి కావలిగా యాంటీవైరస్‌ను, ఈమెయిలు వడపోతను పెట్టుకొన్నాము. ఆ కావలి ఒక్కొక్కప్పుడు పొరబడును. అప్పుడు మనమేమి చేయవలెనన్నదే నేటి ప్రశ్న.

మొదట మా తప్పును చెప్పుకొందుము. మామిడి కాలమున ఒక గుజ్జు ఫ్యాక్టరీవారు మా అట్టపెట్టెల దుకాణమునకు ఆర్డరు పంపిరి. అది మాకు చేరలేదు. మూడు దినములు చూచి వారు ఫోను చేసి కోపించిరి. వెదకగా ఆ జాబు వడపోతవారు అనుమానపు జాబులను నిలిపి యుంచు క్వారంటైనులో పడియున్నది. "వచ్చిన బేరమును తరుముటకా ఈ కావలి?" యని విసిగి వడపోతను పూర్తిగా ఆపించితిమి.

రెండు వారములు సుఖముగా గడచినవి. పిమ్మట మాకు కాగితము సరఫరా చేయువారి పేరుతో ఒక జాబు వచ్చినది. తమ బ్యాంకు ఖాతా మారినదనియు, బాకీ సొమ్మును క్రొత్త ఖాతాకు పంపవలెననియు దాని సారాంశము. పేరు అదే, బిల్లు నంబరు అదే. చిరునామాలో మాత్రము ఒక్క అక్షరము వేరు. గుమాస్తా సొమ్ము పంపివేసెను. అసలు సరఫరాదారు బాకీ అడిగిన నాడు గాని మోసము తెలియలేదు. 1930కి ఫోను చేయునప్పటికి సొమ్ము చేతులు మారినది. గుమాస్తా కంట తడి పెట్టుకొనెను. తప్పు అతనిది కాదు. కావలిని పంపివేసిన మాది.

అసలు చేయవలసినదేమి? కావలి ఎందుకు అడ్డగించెనో తెలిసికొనవలసి యుండెను. ప్రతి సంస్థయు తన పేరుతో జాబులు పంపు అధికారము ఏ సర్వరుకు గలదో బహిరంగముగా నమోదు చేయవలెను. దీనిని ఎస్పీఎఫ్ అందురు. ఆ ఫ్యాక్టరీవారు సర్వరు మార్చిరి గాని నమోదు మార్చలేదు. కావున కావలి అనుమానించుట న్యాయమే. ఆ ఒక్క జాబును విడిపించుకొని, నమోదు సరిచేసికొమ్మని వారికి ఒక మాట చెప్పినచో పని తీరియుండెడిది. ఉదయము దుకాణము తెరవగానే క్వారంటైనును ఒకసారి చూచుట అలవాటు చేసికొన్నచో మూడు దినముల ఆలస్యమును ఉండెడిది కాదు.

తక్కిన చిక్కులును ఇట్టివే. ఒకే కంప్యూటరులో రెండు యాంటీవైరస్‌లు పెట్టినచో అవి ఒకదానితో నొకటి పెనగులాడి యంత్రమును నెమ్మది చేయును, ఒకటి తీసివేయవలెను. కంప్యూటరు తేదీ తప్పినచో అప్‌డేట్లు విఫలము కావచ్చును. ముందు గడియారమును చూడవలెను. చందా గడువు తీరినను బొమ్మ తెరపై కనబడుచునే యుండును. అట్టి కావలి నిద్రించు కావలి.

గొప్పవారి కావలియు పొరబడును. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా కంపెనీ తన రక్షణ సాఫ్టువేరుకు పంపిన లోపభూయిష్టమైన అప్‌డేటు వలన లోకమున సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయినవి. మన దేశపు విమానాశ్రయములలో చేతితో వ్రాసిన బోర్డింగు పాసులిచ్చిరి. అందుకు విరుగుడు ఆ లోపపు ఫైలును తొలగించుటయే గాని లోకమంతయు కావలిని మానుకొనుట కాదు.

అయితే కావలి యున్నదని మనము నిద్రించుటయు తగదు. లిథువేనియా దేశస్థుడొకడు 2013 మొదలు 2015 వరకు ఒక తైవాను కంపెనీ పేరుతో దొంగ బిల్లులు పంపి గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల నుండి 10 కోట్ల డాలర్లకు పైగా కాజేసెను. 2019లో అమెరికా న్యాయస్థానమున నేరమొప్పుకొనెను. అంతటి కంప్యూటరు నిపుణుల సంస్థలే వట్టి బిల్లు కాగితములకు మోసపోయినవి. మన తాతలు హుండీ చూచినప్పుడు దస్తూరి పోల్చుకొని, తెచ్చిన మనిషి నెరిగి గాని రొక్కమిచ్చెడివారు కారు. ఖాతా మారినదని జాబు వచ్చినచో, అందులోని నంబరుకు గాక మన పాత పుస్తకములోని నంబరుకు ఫోను చేసి అడుగుడు. అడిగినందుకు నిజమైన వర్తకుడెవ్వడును కోపించడు. మోసము జరిగినదని తెలిసినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930కిని, మీ బ్యాంకుకును తెలుపుడు. ఆ గడియలే విలువైనవి.

ఇంకొక మాట. మనకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము. కంప్యూటరు హెచ్చరిక మాత్రము ఇంగ్లీషు. అర్థము కాక మన గుమాస్తాలు, పెద్దలు ఏదో ఒక మీట నొక్కి ముందుకు పోవుచున్నారు. చదువుకొన్న మన పిల్లలు నెలకొక సాయంకాలము సంఘమునకు వచ్చి, ఈ హెచ్చరికలను తెలుగులో చెప్పినచో అది భాషాసేవయు నగును, సొమ్మునకు రక్షయు నగును. మొదటి సాయంకాలమునకు మా దుకాణపు కంప్యూటరునే తెచ్చి పెట్టెదము. మా తప్పునే మొదటి పాఠముగా చెప్పెదము.