తపాలాలో పొగాకు నిషేధము

పొగాకు సరకుల దొంగవర్తకమును రూపుమాపుటకై ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఆధ్వర్యమున ఏర్పడిన అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశము 2018లో చేరెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీ నుండి ఆ ఒడంబడిక అమలులోనికి వచ్చినది. దాని 11వ అధికరణమున రెండు మాటలు కలవు. ఇంటర్నెట్టు, టెలిఫోను మొదలగు సాధనములతో పొగాకు వర్తకము చేయువారందరును ఒడంబడికలోని నిబంధనలకు లోబడునట్లు చూడవలెననునది మొదటిది. అట్టి చిల్లర అమ్మకమును బొత్తిగా నిషేధించు విషయమును ప్రతి ప్రభుత్వమును ఆలోచింపవలెననునది రెండవది. ఇంటి గడపకు సరకు పంపు అమ్మకమును మాన్పుటకు మిక్కిలి సులభమైన యుపాయము తపాలాను మూసివేయుట. అమెరికా సంయుక్త రాష్ట్రములు ఆ పనిని 2010లోనే చేసినవి. మన ప్రభుత్వమువారు ఈ రెండవ మాటను ఎన్నడు చేపట్టినను, ముందుగా ఆ దేశపు అనుభవమును పరిశీలింపవలెనని మా కోరిక. పరిశీలించినచో అట్టి నిషేధము తగదని తేలగలదని మా నిశ్చితాభిప్రాయము.

మా యభిప్రాయమును అపార్థము చేసికొనకుందురు గాక. పొగాకు ఆరోగ్యమునకు హాని చేయుననుటలో వివాదము లేదు. కాన్సరు, గుండెజబ్బులు, శ్వాసకోశ వ్యాధులు దాని వెంటనంటి వచ్చునని వైద్యులు ఏకగ్రీవముగ చెప్పుచున్నారు. గాంధీ మహాత్ముడు పొగత్రాగుటను తీవ్రముగ గర్హించెను. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదని మన 2003 చట్టము శాసించుచున్నది. అది ఇంకను కఠినముగ అమలు జరుగవలెననియే మేము కోరుదుము. ఒక సరకు ప్రజలకు బొత్తిగా తగదని ప్రభుత్వము నమ్మినచో దానిని పూర్తిగా నిషేధింపవచ్చును. 2019లో ఎలక్ట్రానిక్ సిగరెట్ల విషయమున మన పార్లమెంటు అట్లే చేసినది. అది వేరు ప్రశ్న. అమ్ముటకు అనుమతి యిచ్చి, అమ్మిన ప్రతి పెట్టె మీదను పన్ను గైకొని, ఆ సరకు ఒక్క దారిని మాత్రము పోరాదని తాళము వేయుట ధర్మమా యనునదే నేటి ప్రశ్న.

అమెరికాలో ఈ తాళము ఎట్లు పడినదో చూతము. అచ్చట సిగరెట్ల మీద కేంద్ర ప్రభుత్వము ఒక పన్నును, రాష్ట్రములు వేరొక పన్నును విధించును. 2009 ఏప్రిలులో కేంద్రపు పన్ను పెట్టెకు 39 సెంట్ల నుండి ఒక డాలరు ఒక సెంటుకు ఎగబ్రాకెను. రాష్ట్రముల పన్నులైనచో ఒకదానికొకటి పొంతన లేక యుండెను. పన్ను తక్కువయున్న చోటి నుండి సిగరెట్లు తెప్పించుకొనుటకు ఇంటర్నెట్టు మంచి దారి చూపెను. పరరాష్ట్రమునకు సిగరెట్లు పంపు వర్తకులు ఆ వివరములను అచ్చటి పన్ను అధికారులకు తెలుపవలెనని 1949 నాటి జెంకిన్సు చట్టము విధించియుండెను. కాని దానిని పాటించినవారు అరుదు. ఇది దాచదగిన విషయము కాదు. పన్నులు ఎగవేయబడుచున్నవి, వయస్సు అడుగకయే బాలురకు సిగరెట్లు అందుచున్నవి యని నిషేధము కోరినవారు పల్కిన పలుకులలో సత్యము కలదు. ఆ రెండు దోషములను అరికట్టుట ఏ ప్రభుత్వమునకైనను విధియే.

2005, 2006 సంవత్సరములలో డి.హెచ్.ఎల్., యు.పి.ఎస్., ఫెడెక్స్ అను రవాణా సంస్థలు, న్యూయార్కు అటార్నీ జనరలుతో ఒప్పందములు చేసికొని, ఇండ్లకు సిగరెట్లు చేరవేయుట మానివేసెను. ఇక మిగిలినది ప్రభుత్వ తపాలా ఒక్కటియే. దానిని గూడ మూయుటకై 2009లో పాక్ట్ అను బిల్లు ప్రతినిధుల సభకు వచ్చినది. 2010 మార్చి 17న 387 వోట్లకు 25 వోట్లతో తుదిసారి సభామోదమును పొంది, ఆ నెల 31న అధ్యక్షుని సంతకముతో చట్టమైనది. జూను 29 నుండి అమలులోనికి వచ్చినది. నాటి నుండి సిగరెట్లు, నమలు పొగాకు, ముక్కుపొడి అచ్చటి తపాలాలో పంపరాని వస్తువులైనవి.

ఈ చట్టమునే సావధానముగ చదివిన యెడల దాని అన్యాయము దానిలోనే కాననగును. సరకు చేరవలసిన రాష్ట్రపు పన్ను ముందుగా చెల్లింపవలెనని అది విధించినది. పెట్టె మీద లోపల పొగాకు కలదని స్పష్టముగ వ్రాయవలెననియు, ఒక్కొక్క మూట పది పౌండ్లకు మించరాదనియు కట్టడి చేసినది. కొనువాని వయస్సును అమ్మకమునకు ముందే విచారింపవలెననియు, సరకు అందించునపుడు పెద్దవయస్సువాడు గుర్తింపు పత్రమును చూపి సంతకము చేయవలెననియు శాసించినది. జెంకిన్సు చట్టమును ఉల్లంఘించుట అంతకుముందు చిన్న నేరముగ నుండగా, మూడేండ్ల వరకు ఖైదు విధింపదగిన పెద్ద నేరముగ మార్చినది. పన్నుల ఎగవేతకు మందు ఇందే కలదు. బాలుర రక్షణకు మందు ఇందే కలదు. మందు నూరి సిద్ధముగ నుంచి, త్రాగించుటకు ముందే రోగిని గదిలో పెట్టి తాళము వేసిన వైద్యుని ఏమందుము? ఇంటింటికి పోవు తపాలా బంట్రోతు చేతనే ఆ నియమములను అమలు జరిపి, ఫలితమును చూచి, చాలనిచో కఠినతర చర్యకు దిగవలసినది. వారు ఆ యవకాశమునే ఈయలేదు.

ఇంతకంటె చిత్రమైనది మినహాయింపుల తీరు. సిగరెట్టు తపాలాలో పోరాదు. చుట్ట మాత్రము నిరభ్యంతరముగ పోవచ్చును! చుట్టలో నున్నది పొగాకు కాదా? మన గోదావరి తీరమున చుట్ట త్రాగు ఏ వృద్ధుని అడిగినను సమాధానము చెప్పగలడు. అలాస్కా రాష్ట్రములోను, హవాయి రాష్ట్రములోను, ఆ రాష్ట్రముల లోపల పంపుకొనుటకు నిషేధము లేదు. దూరప్రాంతవాసులకు తపాలా తప్ప గతి లేదని వారి విషయమున ఒప్పుకొన్న శాసనకర్తలకు, తక్కిన రాష్ట్రములలోని మారుమూల పల్లెలు కానరాలేదు. ఆరోగ్యమే లక్ష్యమైనచో ఈ భేదములు ఏల? ఆ దేశమున సిగరెట్టు కంపెనీలన్నిటిలోను పెద్దదైన ఫిలిప్ మోరిస్ యు.ఎస్.ఏ.కు మాతృసంస్థయగు ఆల్ట్రియా ఈ బిల్లును బలపరచెను. దాని మార్ల్‌బరో సిగరెట్లు ప్రతి వీధి దుకాణములోను, ప్రతి పెట్రోలు బంకులోను దొరకును. తపాలా మూతపడినందువలన దానికి పోయినదేమియు లేదు. తపాలా ద్వారా చవుకగ అమ్మిన చిన్న పోటీదారులు తొలగిపోవుట మాత్రము లాభము.

ఆ చిన్న పోటీదారులెవరు? వారిలో ముఖ్యులు న్యూయార్కు రాష్ట్రపు పడమటి భాగమున నివసించు సెనెకా యను ఆదిమజాతివారు. వారి భూములు వారివేననియు, వాటి అనుభవమునకు ఎన్నడును భంగము కలిగింపమనియు 1794లో కానన్‌డైగ్వా సంధిలో అమెరికా ప్రభుత్వము మాట యిచ్చినది. ఆ సంధి ననుసరించి ఏటేట బట్ట పంపు ఆచారము ఇప్పటికిని నడచుచున్నది. కాని 1965లో పూర్తియైన కిన్‌జువా ఆనకట్ట వారి భూమిలో ఇంచుమించు పదివేల యెకరములను ముంచివేసినది. వందలాది జనులు తాతతండ్రుల యిండ్లను విడిచి లేచిపోయిరి. భూమి పోవుట యననేమో మా పాఠకులలోని భూస్వాములకును, రైతులకును మేము వివరింపనక్కరలేదు. పిమ్మట ఆ జాతివారు వెదకికొన్న జీవనోపాయములలో పొగాకు వర్తకము ఒకటి. దానికి తపాలాయే రాజమార్గము. బట్ట పంపు చేతితోనే ప్రభుత్వము ఆ మార్గమును మూసివేసినది.

సెనెకా వర్తకులు న్యాయస్థానమునకెక్కిరి. తమతో సంబంధమే లేని రాష్ట్రమునకు వర్తకుడు పన్ను చెల్లింపవలెనను నిబంధనను 2010 జూలైలో జిల్లా న్యాయస్థానము తాత్కాలికముగ నిలిపివేసెను; 2011 సెప్టెంబరులో పై న్యాయస్థానము ఆ యుత్తరువును స్థిరపరచెను. కాని తపాలా నిషేధమును మాత్రము న్యాయస్థానము ఆపలేదు. శాసనసభకు అట్టి యధికారము కలదనుట న్యాయశాస్త్రము. ఆ యధికారమును వినియోగించుట వివేకమా యనుట రాజనీతి. మేము ప్రశ్నించుచున్నది రెండవదానినే.

పోనీ, నిషేధము వలన దొంగవర్తకమైనను తొలగెనా? మన గుంటూరు పొగాకునకు పేరిచ్చిన వర్జీనియా రాష్ట్రమున సిగరెట్టు పెట్టె మీద రాష్ట్రపు పన్ను 2020 నుండి 60 సెంట్లు. న్యూయార్కులో 2023 నుండి 5 డాలర్ల 35 సెంట్లు. ఒక్క పెట్టె మీద నాలుగు డాలర్ల ముప్పాతిక వ్యత్యాసముండగా, తపాలాలో పోనిది లారీలో పోవును, కారులో పోవును. పోవుచునే యున్నది. తపాలా మూటకు పంపినవాని పేరు, అందుకొన్నవాని చిరునామా యుండును. రాత్రివేళ సరిహద్దు దాటు లారీకి అవి యుండవు. కంటికి కనబడు వర్తకమును మూసి, కనబడని వర్తకమునకు దారి యిచ్చుట పన్ను అధికారులకు మేలు చేయదు.

ఒకమారు పడిన తాళము ఒక తలుపుతో ఆగదు. 2020 డిసెంబరులో అదే నిషేధమును ఎలక్ట్రానిక్ సిగరెట్లకు విస్తరింపజేసిరి. 2021 అక్టోబరులో తపాలాశాఖ నియమములు వెలువడుసరికి, పొగాకు గాని నికోటిను గాని లేని పరికరములు సయితము ఆ వలలో చిక్కినవి. నేడు పొగాకు, రేపు మరియొకటి. ఏ వర్తకుడు ఎవరికి నచ్చకున్నను వానికి తపాలా మూయవచ్చునను ఆచారము స్థిరపడినచో, తపాలా ప్రజలందరి సొత్తు అను మాటకు అర్థముండదు.

ఇక మన సంగతి. 1976 జనవరి నుండి గుంటూరు కేంద్రముగ పనిచేయుచున్న పొగాకు బోర్డు క్రింద మన వర్జీనియా పొగాకు రైతు ఎంత పండింపవలెనో, ఏ బ్యారనులో కాల్చవలెనో, ఏ వేలములో అమ్మవలెనో అన్నిటికిని అనుమతి కావలెను. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో బీడీలు చుట్టి సంసారములను ఈదుచున్న స్త్రీలు వేలకు వేలు. వీరి సరకు నేడు తపాలాలో విరివిగ పోవుచున్నదని మేము చెప్పుట లేదు. కొనువారు కొందరే యైనపుడు రైతు దిక్కులేనివాడగునని మాత్రము మనకు తెలియును. వీధివీధిని దుకాణములు గల పెద్ద కంపెనీకి అన్ని దారులును తెరచియుంచి, దుకాణము లేని చిన్న చుట్టల వ్యాపారికి మిగిలిన ఒక్క దారిని మూయుట, కొనువారిని ఇంకను కొందరిని చేయుటయే యగును. ఈ వృత్తుల నుండి ప్రజలను మరలింపవలెనన్నచో, ముందు వేరు పంటను చూపవలెను, వేరు పనిని చూపవలెను.

కావున ప్రభుత్వమువారు 11వ అధికరణములోని మొదటి మాటను గట్టిగ పట్టుకొందురు గాక. దూరమునుండి అమ్మువానికి లైసెన్సు విధింపుడు. పన్ను ముందుగా గైకొనుడు. మూట మీద సరకు పేరు వ్రాయింపుడు. వయస్సు నిరూపించి సంతకము చేసినవానికి గాని ఈయరాదని శాసింపుడు. తప్పినవానిని నిర్దాక్షిణ్యముగ శిక్షింపుడు. ఇవన్నియు మాకు సమ్మతములే. వీనిని పరీక్షింపకయే తపాలాను మూయుట మాత్రము, చేతగాని కాపలాదారుడు ఊరిబాటకు కంచె వేసిన చందమగును. దొంగ పొలముల మీదుగ పోవును. బాటసారి మాత్రము నిలిచిపోవును.