భయమే మోసగాడి పెట్టుబడి

2023లో మా కంపెనీలో లేఆఫ్‌లు వచ్చినప్పుడు నా ఉద్యోగం కూడా పోయింది. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి దేశం వదలాల్సిన పని లేదు గానీ, ఇంటి మార్ట్‌గేజ్ మన కోసం ఆగదు కదా! ఇంటర్వ్యూల మధ్య ఖాళీగా కూర్చోలేక డాలస్‌లో రైడ్‌షేర్ కారు నడపడం మొదలుపెట్టాను. ఏడు నెలలు నడిపాను. మనవాళ్ళలో ఈ పని చేసేవాళ్ళు ఉన్నారు, బయటికి మాత్రం చెప్పుకోరు. నేనూ చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పడానికి ఒక కారణం ఉంది.

ఒక శుక్రవారం రాత్రి ఎయిర్‌పోర్టు దగ్గర ఒక రైడ్ ఒప్పుకున్నాను. నిమిషం తిరక్కుండానే ఫోన్ మోగింది. తెర మీద కనిపించింది కంపెనీ తరఫున వచ్చే నంబరే. "సపోర్ట్ నుంచి మాట్లాడుతున్నాం. మీ మీద ఒక పాసింజర్ ఫిర్యాదు చేశారు. ఈ రైడ్ ఆపండి. మీ వివరాలు సరిచూడాలి, లేకపోతే మీ అకౌంట్ మూతపడుతుంది" అన్నాడు అవతలివాడు. నా పేరు, కారు మోడల్, నంబర్ ప్లేటు గడగడా చెప్పాడు. ఫోన్ నంబరు అడిగితే చెప్పాను. ఆ వెంటనే ఒక కోడ్ వచ్చింది. అదీ చదివి చెప్పేశాను! పావుగంటలో ఆ వారం సంపాదన 412 డాలర్లు ఎవరిదో డెబిట్ కార్డులోకి వెళ్ళిపోయాయి.

నా వృత్తి ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. పదిహేనేళ్ళుగా బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ భద్రత చూసే పని నాది. "మీ కోడ్ ఎవరికీ చెప్పకండి" అన్న హెచ్చరికను ఎన్నో తెరల మీద నేనే పెట్టించాను. మరి నేనెందుకు చెప్పాను? తెలియక కాదు, భయపడి.

మోసం ఎలా నడుస్తుంది?

ఇందులో పెద్ద సాంకేతిక విద్య ఏమీ లేదు. పాసింజర్ నంబరు డ్రైవర్‌కి, డ్రైవర్ నంబరు పాసింజర్‌కి తెలియకుండా యాప్ మధ్యలో తన నంబరు పెడుతుంది. అది ఇద్దరి మంచికే. కానీ దానివల్లే పాసింజర్ కాల్ కూడా కంపెనీ కాల్ లాగా కనిపిస్తుంది. ఇక నా పేరు, కారు, ప్లేటు అంటారా... రైడ్ బుక్ చేసిన ఎవరికైనా అవి కనిపిస్తాయి. మోసగాడు చేసేదల్లా ఒక రైడ్ బుక్ చేసి, ఫోన్ చేసి, మన కోడ్‌తో లోపలికి దూరి, తన డెబిట్ కార్డు చేర్చి, అప్పటికప్పుడు డబ్బు లాగేసుకోవడం.

మిగిలిన పని మన భయమే చేసిపెడుతుంది. రేటింగ్ పడిపోతుందేమో, ఫిర్యాదు వస్తే మన మాట వినకుండానే అకౌంట్ మూసేస్తారేమో అన్న ఆందోళన ప్రతి డ్రైవర్‌కీ ఉంటుంది. "ఫోన్ చార్జింగ్ అయిపోయింది, ఒక్క కాల్ చేసుకుంటాను" అని పాసింజర్ అడిగితే కాదనలేక ఇచ్చేది అందుకే. ఆ ఒక్క నిమిషంలో జెల్, క్యాష్ యాప్ లాంటివాటి ద్వారా మన డబ్బు దాటిపోతుంది. బుకింగ్‌లో ఉన్న పేరు ఒకటి, ఎక్కిన మనిషి చెప్పే పేరు ఇంకొకటి అయినా నోరు మూసుకుని బండి కదిలించేదీ అందుకే.

డబ్బుతో పోతే మేలే

2024 మార్చి 25న ఒహాయో రాష్ట్రంలోని సౌత్ చార్ల్‌స్టన్ దగ్గర జరిగింది చూడండి. 81 ఏళ్ళ ఒక ముసలాయనకి మోసగాళ్ళు ఫోన్ చేసి, మీ బంధువు జైల్లో ఉన్నాడు, విడిపించడానికి డబ్బు కావాలని బెదిరించారు. ఆయన ఇంటి నుంచి ఒక ప్యాకేజీ తేవాలని ఊబర్ యాప్‌లో బుక్ చేశారు. వెళ్ళిన 61 ఏళ్ళ డ్రైవరమ్మకి ఈ కథేమీ తెలియదు. వచ్చింది దొంగల మనిషే అనుకుని ఆయన ఆమెను కాల్చి చంపాడు. ఆమె చేతిలో ఆయుధం లేదు.

2021 మార్చిలో వాషింగ్టన్ డి.సి.లో ఫుడ్ డెలివరీ చేస్తున్న 66 ఏళ్ళ పాకిస్తానీ పెద్దాయన కారును ఇద్దరు టీనేజ్ అమ్మాయిలు లాక్కోబోయారు. ఆయన కారు వదలలేదు. కారు బోల్తా పడి ప్రాణం పోయింది. కారుకి బీమా ఉంటుంది, మనిషి పోతే తిరిగి రాడు.

ఊబర్ తన మొదటి అమెరికా భద్రతా నివేదికలో 2017, 2018 సంవత్సరాలలో భౌతిక దాడుల్లో 19 మంది చనిపోయారని చెప్పింది. వారిలో 8 మంది పాసింజర్లు, 7 గురు డ్రైవర్లు. ఆ రెండేళ్ళలో అమెరికాలో జరిగిన ప్రయాణాలు 230 కోట్లు. కాబట్టి ప్రతి రైడ్‌కీ హడలిపోనక్కర్లేదు. కానీ ప్రమాదం వెనక సీటుకే కాదు, ముందు సీటుకీ దాదాపు అంతే ఉందని ఆ అంకెలు చెబుతున్నాయి.

చట్టాల చర్చ మాత్రం చాలాకాలం ఒకవైపే నడిచింది. మా టెక్సాస్‌నే తీసుకోండి. డ్రైవర్ల వేలిముద్రలు తీసుకోవాలన్న నిబంధన మీద 2016 మేలో ఆస్టిన్‌లో ఓటింగ్ జరిగితే ఊబర్, లిఫ్ట్ ఓడిపోయి ఊరే వదిలి వెళ్ళాయి. 2017లో రాష్ట్ర చట్టం రావడంతో తిరిగొచ్చాయి. అంత రగడలోనూ తగువంతా డ్రైవర్ ఎవరన్నదే. పాసింజర్ ఎవరన్నది ప్రధానాంశం కాలేదు. పాసింజర్ గుర్తింపును సరిచూసి బ్యాడ్జ్ ఇచ్చే పద్ధతిని ఊబర్ అమెరికా అంతటా విస్తరించింది 2024లో.

చెప్పుకోలేని బాధ

నా సంగతి విన్న తరువాత ఇర్వింగ్‌లో ఒక తెలుగు కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. ఎం.ఎస్. చదువుతున్నాడు, ఎఫ్-1 వీసా. వేరొకరి అకౌంట్ వారానికి ఇంత అని అద్దెకి తీసుకుని రాత్రిళ్ళు నడిపేవాడు. ఒక రాత్రి కత్తి చూపించి ఫోన్, పర్సు లాక్కున్నారు. పోలీసులకి చెప్పావా అని అడిగాను.

"ఎట్లా చెప్పను అన్నా? అకౌంట్ ఎవరిదని ముందు నన్నే అడుగుతారు గదా!" అన్నాడు.

ఎఫ్-1, హెచ్-1బి వీసాల మీద ఉన్నవారు ఈ పని చేస్తే అది అనుమతి లేని ఉద్యోగమే అవుతుంది. స్టేటస్‌కే ముప్పు. అద్దె అకౌంట్ మీద ప్రమాదం జరిగితే బీమావాళ్ళు చేతులెత్తేసే అవకాశమే ఎక్కువ. ఇన్ని భయాలున్న మనిషి కంటే మోసగాడికి మంచి బేరం ఇంకేముంటుంది? ఇంకో మాట, కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. ఆ కుర్రాడికి అకౌంట్ అద్దెకిచ్చింది కూడా మనవాడే. సాయం చేస్తున్నామనుకోకండి. ఆపద వస్తే ఆ పిల్లవాడు ఎవరికీ చెప్పుకోలేని స్థితిలోకి నెట్టేస్తున్నాం.

ఏం చేయాలి?

1. కంపెనీ పేరుతో ఎవరు ఫోన్ చేసినా కోడ్ చెప్పకండి. పెట్టేసి, యాప్ తెరిచి అక్కడి నుంచి మీరే సపోర్ట్‌ని పిలవండి.

2. సంపాదన అకౌంట్‌లో పేరబెట్టకుండా తరచుగా బ్యాంకుకి మార్చుకోండి.

3. ఫోన్ చేతికి ఇవ్వకండి. అవసరమైతే నంబరు మీరే కొట్టి స్పీకర్‌లో మాట్లాడించండి.

4. పాసింజర్ పేరు మీరు చెప్పకండి, ఆయన్నే చెప్పనివ్వండి. కలవకపోతే రైడ్ రద్దు చేయండి. ఒక స్టార్ పోయినా ఫరవాలేదు.

5. పెద్దవాళ్ళు కంగారుగా కవరు తెచ్చి ఇవ్వబోతే తీసుకోకండి. అక్కడి నుంచి దూరంగా వెళ్ళి 911 కి చెప్పండి.

6. కారు అడిగితే ఇచ్చేయండి. పోట్లాడకండి.

7. డాష్‌కామ్ పెట్టుకోండి. మాటల రికార్డింగ్‌కి టెక్సాస్‌లో ఒకరి సమ్మతి చాలు. కాలిఫోర్నియా లాంటి చోట్ల అందరికీ ముందే తెలియజేయాలి.

ఇవన్నీ డ్రైవర్ చేతిలో ఉన్నవి. భయాన్ని తగ్గించడం మాత్రం చట్టం చేతిలో ఉంది. అకౌంట్ మూసేస్తే అప్పీలు చేసుకునే దారిని వాషింగ్టన్ రాష్ట్రం 2022 చట్టంలో కల్పించింది. డ్రైవర్లు యూనియన్ పెట్టుకోవడానికి 2024 నవంబరులో మసాచుసెట్స్ ఓటర్లు ఒప్పుకున్నారు. 2025లో కాలిఫోర్నియా కూడా అలాంటి చట్టం చేసింది. తన మాట వినే చోటు ఒకటి ఉందని తెలిసిన డ్రైవర్ "అకౌంట్ మూసేస్తాం" అన్న ఫోన్‌కి అంత తేలిగ్గా బెదరడు.

నా 412 డాలర్లు తిరిగి రాలేదు. కోడ్ మీరే ఇచ్చారు కదా అన్నారు. నిజమే మరి! ఉద్యోగం మళ్ళీ దొరికింది, ఇప్పుడు నేనూ మీలాగే వెనక సీట్లో కూర్చుంటున్నాను. కారెక్కగానే నా పేరు నేనే చెబుతాను. పిన్ అడిగితే విసుక్కోను. ఆ కుర్రాడు అకౌంట్ తిరిగిచ్చేశాడు. మీకు తెలిసిన పిల్లలెవరైనా అలా నడుపుతుంటే కోప్పడకండి, కూర్చోబెట్టి ఈ సంగతులు చెప్పండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి కూడా ఒక మాట చెప్పి ఉంచండి. "మనవడు జైల్లో ఉన్నాడు" అని ఎవరైనా ఫోన్ చేస్తే, ముందు మనవడికి ఫోన్ చేయమని.