మూత తీసేటప్పుడు మనమూ కూర్చుందాం

బిరియానీ వండినావిడే చివర్లో చల్లారిన మెతుకులు తినడం మన ఇళ్ళలో మామూలైపోయింది. అందుకే నా ఓటు లక్నో పద్ధతికి.

హైదరాబాదీ కచ్చి బిరియానీలో పచ్చి ముక్కల మీద సగం ఉడికిన అన్నం పరుస్తాం. ముక్క ఉడికిందో లేదోనని పొయ్యి దగ్గరే కాపలా. లక్నో వాళ్ళు కోడి ముక్కల్ని అల్లం, వెల్లుల్లి, సోంపు, యాలకులు, లవంగాలతో ముందే ఉడికిస్తారు. ఆ నీళ్ళే యఖ్నీ. అరగంట నానిన బాస్మతిని అందులోనే ఉడికించి, సన్నసెగ మీద పావుగంట దమ్ము పెడితే చాలు. ఆ కమ్మదనమంతా యఖ్నీదే. రంగులు, మసాలా పొట్లాలు అక్కర్లేదు.

మిరప పండించే మా చందర్లపాడు వైపు "ఇంత చప్పగానా?" అంటారు. పెరుగు పచ్చడిలో నాలుగు పచ్చిమిర్చి ఎక్కువ వేస్తే సరి!

ముక్క ముందే ఉడికింది కాబట్టి దమ్ముకు కాపలా అక్కర్లేదు. ఆ పావుగంటలో కంచాలు, మంచినీళ్ళు ఆయనా పిల్లలూ సర్దాలి. గిన్నె మధ్యలో పెట్టి ఎవరికి వాళ్ళు వడ్డించుకోవాలి. మూత తీయగానే వచ్చే ఆ మొదటి ఘుమఘుమ వండిన మనిషికీ దక్కాలి కదండీ!